గిటార్ని తిరగేస్తున్నా: ప్రాజెక్టు డైరీ

మొదలు

ఇది గిటార్ పని డైరీ. కుడిచేతి వాటం వాళ్ళ కోసం చేసిన అకూస్టిక్ గిటార్ని ఎడమచేతి వాటానికి మార్చడం, అంటే ఇన్నాళ్ళూ ఎడమచెయ్యి చేసిన తీగలు నొక్కే పనిని కుడిచేతికి ఇవ్వడం, పని ఇంతే. ఎందుకు మారుస్తున్నానో ముందే చెప్పేస్తా, తర్వాత మళ్ళీ మళ్ళీ ఎత్తకుండా ఉండొచ్చు.

మూడు నెలల కింద గాజు తలుపు మీద పడ్డా, ఎడమ మోచేతి లోపలి వైపు తెగింది. మోచెయ్యి దేనికైనా తగిలితే కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది కదా, ఆ నరం. అల్నార్ నర్వ్ అంటారు. పూర్తిగా తెగిపోయింది. అదే రోజు మైక్రోస్కోపు కింద కుట్టారు. నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుందని, మోచేతి దగ్గర్నించి అరచేతిలో ఉండే చిన్న కండరాల దాకా రావాలంటే దగ్గర దగ్గర ఏడాది పడుతుందని, ఈలోపు ఆ కండరాలు ఎండిపోతూనే ఉంటాయని, ఏడాది ఏడాదిన్నర దాటాక నరం వచ్చినా అవి పెద్దగా పలకవని డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. స్పర్శ కొంత రావచ్చు, పట్టు కొంత రావచ్చు, మునుపటి వాయింపు మీద మాత్రం ఆశ పెట్టుకోకమ్మా అన్నారు. దాచకుండా చెప్పినందుకు ఆయన మీద ఇప్పటికీ గౌరవమే.

పంతొమ్మిదేళ్ళు వాయించా. నాకు నిజంగా బాగా వచ్చిన పని అదొక్కటే. అందులోనూ ఎడమచెయ్యి. తీగని నొక్కి పక్కకి లాగి స్వరాన్ని వంచడం, ఊపడం, వదిలే ముందు సన్నగా వణికించడం, విన్నవాళ్ళు ఎవరైనా గుర్తుపెట్టుకున్నది నాలో అదే, నేను గుర్తుపెట్టుకున్నదీ అదే. ఒక్క మధ్యాహ్నంలో పోయింది. దాని గురించి రాద్దామని చాలాసార్లు కూర్చున్నా, ఒక్క లైను రాలేదు. చేతికి ఏదైనా పని ఉంటే రాత వస్తుందేమో అని ఇది మొదలుపెట్టా.

1వ రోజు

నా దగ్గర రెండు గిటార్లున్నాయి. ఒకటి నేను రోజూ వాయించినది, పెట్టెలో ఉంది, ఆ రోజు నుంచి తెరవలేదు. రెండోది నేను నేర్చుకున్న మొదటి గిటార్, గోడకి వేలాడుతుంది. మార్చేది ఈ రెండోదాన్నే. మెడ పక్కన కోత లేని బాడీ, రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తిప్పినా వింతగా అనిపించదు.

ఆరు తీగలు విప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. ఇదివరకు ఐదు నిమిషాల పని. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు మాట వినవు, బొటనవేలు చూపుడు వేలు కలిపి నొక్కితే బలం ఉండదు.

మార్చాల్సినవి చూసుకున్నా. మెడ చివర తీగలు కూర్చునే నట్ కొత్తది చెయ్యాలి, ఎందుకంటే లావు తీగల గాడుల్లోకి సన్న తీగలు వస్తాయి. బాడీ మీద తీగలు కట్టే చెక్క, అంటే బ్రిడ్జి, దాని మీద ఎముక పట్టీ, అదే శాడిల్, చూడాలి. భుజానికి వేసుకునే పట్టా తగిలించే గుండీ జరపాలి. మెడ అంచున ఉండే చుక్కలు అవతలి అంచుకి పెట్టాలి. పైచెక్క లోపల అంటించిన బద్దలు కూడా రెండు వైపులా ఒకేలా ఉండవు, కానీ వాటి జోలికి వెళ్ళను, నాదం కొంచెం మారితే మారనీ.

2వ రోజు

నట్ ఊడదీశా. అంచుల్లో లక్క పెచ్చులూడకుండా ముందు బ్లేడుతో సన్నగా గీత పెట్టి, చిన్న చెక్కముక్క ఆనించి మెల్లగా కొడితే రెండో దెబ్బకే వచ్చేసింది. కింద జిగురు చుక్క అంతే. మొదటిసారి ఆ గాడిని ఖాళీగా చూశా, పన్ను ఊడినట్టుంది. చెక్కముక్కని ఎడమచేత్తో పట్టుకున్నా, జారింది. ఇక నుంచి ఏది పట్టుకోవాలన్నా బల్లకి బిగించిన వైస్‌లోనే పెడతా.

5వ రోజు

ఎముక ముక్కని ఆకురాయితో రాసి, ఉప్పుకాగితంతో నున్నగా చేసి, గాడులు కోశా. మొదటిది పాడైంది, సన్న తీగ గాడి లోతుగా దిగిపోయి తీగ మొదటి ఫ్రెట్‌కి, అంటే మెడకి అడ్డంగా ఉండే మొదటి లోహపు కడ్డీకి, తగిలి జిర్రుమంది. రెండో ముక్కతో ఓపిగ్గా చేశా. చూసుకునే పద్ధతి ఏంటంటే తీగని 3వ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, 1వ ఫ్రెట్ పైన ఎంత సందుందో చూడాలి, పల్చటి కాగితం దూరేంత ఉంటే చాలు, అసలు లేకపోతే గాడి ఎక్కువ దిగినట్టు. నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో ఒక్కసారి కూడా నా చెయ్యి ఏమైపోయిందని ఆలోచించలేదు, పని ఆపాక తెలిసింది ఆ సంగతి.

6వ రోజు

ఇవాళ పని లేదు, కానీ ఇది రాయాలి.

తెలిసినవాళ్ళందరూ పంపేది ఒకటే కథ. జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ విద్వాంసుడు, 1928లో ఆయన ఉండే బండికి నిప్పంటుకుని ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు కాలిపోయాయి, మిగతా రెండు వేళ్ళతో ప్రపంచం తిరిగి చూసేలా వాయించాడు. నాకూ మాట వినని వేళ్ళు ఆ ఉంగరం వేలు, చిటికెన వేలే. అందుకే అందరూ ఆశగా పంపిస్తారు, వాళ్ళ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఆయనకి కాలింది వేళ్ళు, నాకు తెగింది నరం. ఈ నరం ఆ రెండు వేళ్ళకి మాత్రమే కాదు, చూపుడు వేలు మధ్య వేలు ఎడంగా చాపే కండరాలకీ, బొటనవేలిని లోపలికి నొక్కే కండరానికీ ఇదే ఆజ్ఞ ఇస్తుంది. అంటే ఆయనకి మిగిలిన రెండు వేళ్ళు నాకు మిగల్లేదు, ఉన్నాయి గానీ ఫ్రెట్ల మీద విచ్చుకోవు. టోనీ అయోమీ అని ఇంకో గిటార్ వాద్యకారుడి కథ కూడా వచ్చింది, 1965లో ఫ్యాక్టరీలో వేళ్ళ కొసలు తెగిపోతే ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నాడు. నాకు కొసలున్నాయి, వాటికి చెప్పేవాడే లేడు.

నాకు పనికొచ్చిన కథ ఎవరూ పంపలేదు, నేనే వెతుక్కున్నా. రుడోల్ఫ్ కోలిష్ అని వయొలిన్ విద్వాంసుడు. చిన్నప్పుడు ఎడమచేతి వేలికి దెబ్బ తగిలితే వయొలిన్ తిప్పేసి, ఎడమచేత్తో కమాను పట్టి నేర్చుకున్నాడు, తర్వాత తన పేరు మీదే క్వార్టెట్, అంటే నలుగురి బృందం, నడిపాడు. చిన్నపిల్లాడు కాబట్టి కుదిరింది అనొచ్చు ఎవరైనా. అనుకోనీ. ఆయన చేసింది నేను చేస్తున్న పనే, నాకు ఆ ఒక్క సంగతి చాలు.

9వ రోజు

తప్పు చేశా. శాడిల్‌ని అలాగే ఉంచి తీగలు తిప్పి కట్టేశా.

శాడిల్ తీగలకి సరిగ్గా అడ్డంగా ఉండదు, కొంచెం ఏటవాలుగా ఉంటుంది. లావు తీగ వైపు వెనక్కి, సన్న తీగ వైపు ముందుకి. తీగని నొక్కినప్పుడు అది సాగి శ్రుతి కాస్త పెరుగుతుంది, లావు తీగకి ఇంకా ఎక్కువ పెరుగుతుంది, దాన్ని సరిచెయ్యడానికే లావు తీగకి పొడవు ఎక్కువ ఇస్తారు. తిప్పి కట్టేసరికి లావు తీగ పొట్టి వైపుకొచ్చింది, సన్న తీగ పొడుగు వైపుకెళ్ళింది. 12వ ఫ్రెట్ దగ్గర ట్యూనర్, అదే శ్రుతి చూపించే పరికరం, పెట్టి చూస్తే లావు తీగ 8 సెంట్లు పైన, సన్న తీగ 6 సెంట్లు కింద. ఒక ఫ్రెట్‌కీ పక్క ఫ్రెట్‌కీ మధ్య 100 సెంట్లు అనుకుంటే ఇది చిన్న లెక్కే, కానీ రెండూ కలిపి ఒక కార్డ్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి, వాయిస్తే పళ్ళు జివ్వుమన్నాయి.

ఖాళీ తీగలు బాగానే పలికాయి కాబట్టి మొదట్లో నా కుడిచేతి వేళ్ళు సరిగ్గా నొక్కట్లేదేమో అనుకుని ఒక పూటంతా వాటినే తిట్టుకున్నా. తప్పు వేళ్ళది కాదు.

3వ వారం

నాన్న వచ్చాడు. నాన్న వడ్రంగి, సంగీతం తెలీదు, చెక్క తెలుసు. గిటార్‌కి ఉలి పెట్టాలంటే ముందు భయపడ్డాడు, "ఇంత పల్చటి చెక్కేంటమ్మా, ఊపిరి పీలిస్తే విరిగేట్టుంది" అన్నాడు. బ్రిడ్జిలో శాడిల్ కూర్చునే పాత గాడిలోకి అదే రంగు చెక్కపట్టీ బిగుతుగా దూర్చి, జిగురు పెట్టి, ఒకరోజు వదిలేశాం. తర్వాత కొత్త గాడి ఎక్కడ కొయ్యాలా అని నేను స్కేలు పట్టుకుని లెక్కలేస్తుంటే నాన్న అన్న మాట నాకు తట్టనే లేదు: "లెక్క తప్పితే మళ్ళీ పూడ్చాలి కదా తల్లీ. గాడి వెడల్పుగా కోద్దాం, వెడల్పాటి ఎముక పెట్టు, తీగ ఎక్కడ ఆనాలో పైన రాసుకుంటూ తేల్చుకో."

రెండున్నర మిల్లీమీటర్ల శాడిల్ బదులు ఐదు మిల్లీమీటర్లది పెట్టాం. ఇప్పుడు ప్రతి తీగకీ అది ఆనే అంచుని విడిగా ముందుకో వెనక్కో జరపొచ్చు. గాడి కొయ్యడం నాన్నే చేశాడు. నేను గిటార్ పట్టుకున్నా, అంటే పట్టుకున్నట్టు నుంచున్నా, అసలు పట్టింది వైసే. వెళ్ళేముందు నా ఎడమచెయ్యి తీసుకుని అరచేతిలో బొటనవేలి పక్కన గుంట పడిన చోట తన బొటనవేలితో ఒకసారి రుద్ది, ఏమీ అనకుండా చెప్పులేసుకున్నాడు.

6వ వారం

రెండు వారాలు ఏమీ చెయ్యలేదు. ప్రమాదం జరిగి నాలుగున్నర నెలలు.

చెయ్యి ఇంకా వంకర పోయింది. ఉంగరం వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుపోయి పక్షి గోళ్ళలా తయారైంది, ఇదివరకు ఇంత లేదు. కుట్టిన నరం మళ్ళీ తెగిపోయిందనుకున్నా. ఎవరికీ చెప్పలేదు. రాత్రి పడుకుని వేళ్ళని ఇంకో చేత్తో చాపి పట్టుకునేదాన్ని, వదిలితే మళ్ళీ ముడుచుకునేవి. చివరికి ఫిజియో దగ్గర ఏడ్చేశా. ఆవిడ చెయ్యి చూసి నవ్వింది, నాకు ఒళ్ళు మండింది ఆ క్షణం. తర్వాత చెప్పింది, నరం ముంజేతి కండరం దాకా వచ్చిందట, అందుకే ఆ కండరం వేళ్ళ కొసల్ని లోపలికి లాగుతోంది. వేళ్ళని తిన్నగా నిలబెట్టే చిన్న కండరాలు అరచేతిలో ఉంటాయి, నరం వాటి దాకా ఇంకా రాలేదు. లాగేది మేలుకుంది, ఆపేది ఇంకా లేవలేదు. మోచేతి దగ్గర తెగిన అల్నార్ నరం బాగుపడేటప్పుడు చెయ్యి ముందు ఇంకా అధ్వాన్నంగా కనిపిస్తుందట, వైద్యంలో ఇది తెలిసిన విషయమే. వేళ్ళ మొదళ్ళ దగ్గర ఆపి పట్టే స్ప్లింట్ ఇచ్చింది, వేళ్ళు బిగుసుకుపోకుండా రోజంతా అదే.

నాకు ఎవరైనా ఇది ముందే చెప్పుంటే ఆ రెండు వారాలు అలా గడిచేవి కావు. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మీ వేళ్ళు ముడుచుకుంటే నాలాగా దాచుకుని కూర్చోకండి, వెంటనే వెళ్ళి చూపించండి.

7వ వారం

మెడ అవతలి అంచున చుక్కలు పెట్టా. 2 మిల్లీమీటర్ల రంధ్రాలు, 3, 5, 7, 9 దగ్గర ఒక్కోటి, 12 దగ్గర రెండు. లోపల తెల్ల రంగు చుక్క. 7 దగ్గరది కొంచెం పక్కకి పోయింది, వదిలేశా. పట్టా గుండీ జరిపా. కొత్త తీగలు, మామూలు 12 సెట్ కాకుండా ఇంకా సన్నగా ఉండే 10 సెట్, మెత్తగా ఉంటాయి.

కట్టా. శ్రుతి చేశా. ఒళ్ళో అద్దంలో కనిపించినట్టు తిరగేసి పెట్టుకున్నా.

కుడిచేత్తో మొదటి కార్డ్ పట్టుకోవడానికి ఒక్కో వేలినీ చూసి పెట్టాల్సొచ్చింది. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో, మూడు నెలలు ఓపిక పట్టండి, వేళ్ళకి అలవాటవుతుంది అని. వాళ్ళకీ నాకూ ఒక తేడా ఉంది. వాళ్ళకి తాము వాయించింది ఎలా ఉందో పూర్తిగా వినపడదు, అందుకే సంతోషంగా వాయించగలరు. నా చెవికి పంతొమ్మిదేళ్ళు, నా కుడిచేతి వేళ్ళకి ఒక రోజు. ఎత్తుకున్న ప్రతి స్వరం ఎలా ఉండాలో ముందే వినిపిస్తుంది లోపల, బయట వచ్చేది ఇంకోటి. ఇరవై నిమిషాలు వాయించి పక్కన పెట్టా. నన్ను నిజంగా కుంగదీసేది చెయ్యి పోవడం కన్నా చెవి పోకపోవడం అని ఆ రోజు అనిపించింది.

ఇంకో చిక్కు, మీటే పని ఇప్పుడు ఎడమచేతిది. తీగలు మీటే చిన్న బిళ్ళ, పిక్, వేళ్ళ మధ్య నిలవదు. ఫిజియో ఒక పరీక్ష చేస్తుంది, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాగితం పట్టుకోమని ఇచ్చి లాగుతుంది, నా బొటనవేలు కణుపు దగ్గర వంగిపోయి కాగితం జారిపోతుంది. పిక్ పట్టుకోవడం అంటే అదే పరీక్ష నిమిషానికి వందసార్లు. బొటనవేలికి ఉంగరంలా తొడుక్కునే పిక్ తెచ్చుకున్నా, వేడినీళ్ళలో ముంచి నా వేలికి సరిపోయేలా వంచా. ఇక పట్టు అక్కర్లేదు, మణికట్టు ఊపితే చాలు. మణికట్టు బాగానే ఉంది. ఈ ఒక్కటి మాత్రం మొదటిసారే కుదిరింది.

10వ వారం

ఇవాల్టిది కొంచెం పెద్దది.

నా దగ్గర రెండేళ్ళుగా నేర్చుకునే అమ్మాయి వచ్చింది. దాని గిటార్ తీగ బిగించే మర విరిగింది, "అక్కా, మీది ఒకసారి ఇస్తారా" అని అడిగింది. పెట్టె తెరిచా. ఐదు నెలలు దాటింది. తీగలు తుప్పు వాసన. కొత్తవి కట్టి, తన చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నా. నా గిటార్ని ఎదురుగా కూర్చుని వినడం ఎప్పుడూ జరగలేదు.

రెండో తీగ తప్పు పలుకుతోంది. పై ఫ్రెట్లలో ప్రతి స్వరం ఇసుమంత పైకి. ఆ అమ్మాయి వేలు గట్టిగా నొక్కుతోందేమో అని దగ్గరికెళ్ళి చూశా, చక్కగా నొక్కుతోంది. ట్యూనర్ పెట్టాం, 12వ ఫ్రెట్ దగ్గర 5 సెంట్లు పైన. ఇదేమీ వింత కాదు, పై అంచు అన్ని తీగలకీ ఒకే గీతలా ఉన్న శాడిల్ గిటార్లలో రెండో తీగకి ఈ జబ్బు మామూలే. వింత ఏంటంటే ఈ గిటార్ నా చేతిలో ఎప్పుడూ అలా పలకలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను రెండో తీగని ట్యూనర్ చూపించినదానికంటే ఒక వెంట్రుకవాసి కిందికి దించి పెట్టుకునేదాన్ని, కింది ఫ్రెట్లలో వేలితో కొంచెం పక్కకి లాగి పైకి తెచ్చేదాన్ని. ఎవరూ నేర్పలేదు. చేస్తున్నానని కూడా తెలీదు. చెవి చెప్పేది, చెయ్యి సర్దేది, మధ్యలో నాకు కబురే ఉండేది కాదు. అంటే ఇన్నేళ్ళూ ఈ గిటార్ తప్పుని నా చెయ్యి మోసింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది, అది బాధపెట్టింది. ఈ అమ్మాయే ఏడాది కింద ఇదే గిటార్ పట్టుకుని "అక్కా, నా చేతిలో ఇది అపశ్రుతి పలుకుతోంది" అంది. నువ్వు ఎక్కువ నొక్కుతున్నావు, చెయ్యి తేలిగ్గా పెట్టు అన్నాను. నెలల తరబడి అదే చెప్పాను. తను నిజం విన్నది, నేను తన చెవిని అనుమానించేలా చేశాను. ఇవాళ చెప్పాను, నువ్వు విన్నదే కరెక్టమ్మా, తప్పు గిటార్‌దీ నాదీ అని. "పర్లేదక్కా" అంది గానీ, వెంటనే మళ్ళీ ఆ ఫ్రెట్ నొక్కి వింది, తలూపింది.

12వ వారం

రెండు గిటార్లకీ శాడిల్ పని.

తిప్పినదానికి వెడల్పు ఎముక ఉంది కాబట్టి చోటు బోలెడు. తీగ వదులు చెయ్యడం, పక్కకి తియ్యడం, ఆకురాయితో రెండు రాపిడులు, మళ్ళీ కట్టడం, ట్యూనర్, మళ్ళీ వదులు. ఒక్కో తీగకి పది పన్నెండుసార్లు. లావు తీగ 8 నుంచి 1కి వచ్చింది. సన్న తీగ దాదాపు సున్నా. రెండో తీగ అంచుని పక్కవాటికంటే బాగా వెనక్కి జరపాల్సొచ్చింది. ఇంత పట్టింపు ఎందుకంటే నా కుడిచేతికి వంచడం రాదు, ఊపడం రాదు, ఎప్పటికి వస్తుందో తెలీదు. ఫ్రెట్ ఏ స్వరం ఇస్తే అదే నా స్వరం. సర్దే చెయ్యి లేనప్పుడు ఎముక సరిగ్గా ఉండాలి.

పెట్టెలో గిటార్‌కి కొత్త శాడిల్ చేశా, ఆ అమ్మాయి కోసం. పాతది పారెయ్యలేదు. కొత్తదానిలో రెండో తీగ కింద అంచుని ఒక మిల్లీమీటరు వెనక్కి రాశా, వెడల్పు అంతకంటే లేదు. 5 సెంట్లు 2కి తగ్గింది. తన గిటార్ బాగయ్యేదాకా ఇది తీసుకెళ్ళమన్నా. మెడ పట్టుకున్న తీరు చూసి, బాగైనా ఉంచుకోమందామనుకున్నా, ఇంకా నోరు రాలేదు. బహుశా వచ్చే నెల.

వెళ్ళే ముందు ఇద్దరం కలిసి వాయించాం, తను దాని మీద, నేను తిప్పినదాని మీద. మూడు కార్డులు, నెమ్మదిగా. మార్చేటప్పుడు నా వేళ్ళు ఒక దెబ్బ ఆలస్యం, తను ఆగి చూసి మళ్ళీ ఎత్తుకునేది. ఎనిమిదో తొమ్మిదో సారికి రెండు రెండో తీగలూ ఒకే స్వరం మీద కలిసి అలా నిలబడ్డాయి, శ్రుతి కలవనప్పుడు వాటి మధ్య వినపడే ఆ అల లేదు. ఇద్దరం తీగల మీద చెయ్యి వెయ్యకుండా అది ఆగిపోయేదాకా కూర్చున్నాం.

మిగిలిన పని: నట్ దగ్గర మూడో తీగ గాడి ఇంకా కొంచెం ఎత్తుగా ఉంది, 1వ ఫ్రెట్ నొక్కితే వేలికి తెలుస్తోంది. ఆదివారం రెండు రాపిడులు వేసి చూడాలి, ఎక్కువ కాదు.